హెపటైటిస్ బి మందు మొదలుపెట్టాక: మూడున్నరేళ్ళ నా అనుభవం

హెపటైటిస్ బి కి మందు వేసుకోవడం మొదలుపెట్టి మూడున్నరేళ్ళు అయింది. మొదట్లో నన్ను పట్టి పీడించిన ప్రశ్న ఒక్కటే: మందు పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది? ఒంట్లో ఏ బాధా లేనివాడికి బాధ తగ్గిందో లేదో చూసుకునే వీలు లేదు కదా. రిపోర్టులే దిక్కు. ఆ రిపోర్టుల్లో నాలుగైదు అంకెలు ఉంటాయి, ఒక్కోటి ఒక్కో తీరుగా నడుస్తుంది. ఒకటి నెలల్లో పడిపోతుంది. ఒకటి ముందు పెరిగి భయపెట్టి తర్వాత తగ్గుతుంది. ఒకటి మారడానికి ఏళ్ళు పడుతుంది. ఒకటి జన్మంతా అలాగే ఉండిపోవచ్చు. ఇది ముందే తెలిసి ఉంటే నేను ఇన్ని రాత్రులు నిద్ర లేకుండా గడిపేవాణ్ణి కాదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

2021 మార్చిలో పిత్తాశయంలో రాళ్ళకి ఆపరేషన్ అన్నారు. దానికి ముందు అందరికీ చేసే రక్త పరీక్షల్లో నాకు హెచ్‌బీఎస్‌ఏజీ (వైరస్ పైపొర ముక్క, ఎస్-యాంటిజెన్ అనేదీ ఇదే) రియాక్టివ్, అంటే పాజిటివ్, అని వచ్చింది. అప్పుడు నాకు 36 ఏళ్ళు. ఎప్పుడూ కామెర్లు రాలేదు, నీరసం లేదు, ఆకలి మందగించింది లేదు. సర్జన్ గారు “మీకు హెపటైటిస్ బి ఉంది, ఆపరేషన్ అయ్యాక లివర్ డాక్టర్‌ని కలవండి” అని రెండు ముక్కల్లో చెప్పి వెళ్ళిపోయారు. నా ఆపరేషన్‌ని ఆ రోజు లిస్టులో చివరికి నెట్టారు. అది కూడా సర్దుకోవచ్చు. కేస్ షీట్ మీద ఎర్ర ఇంకుతో పెద్ద అక్షరాలు రాసి మంచం కాళ్ళ దగ్గర అందరికీ కనపడేలా తగిలించారు. పక్క మంచం పేషెంట్‌ని చూడడానికి వచ్చినవాళ్ళు దాన్ని చదివి తమ కుర్చీ అవతలికి జరుపుకున్నారు. కోత నొప్పి వారంలో పోయింది, ఆ కుర్చీ జరిపిన చప్పుడు మాత్రం ఇంకా గుర్తుంది.

ఏప్రిల్‌లో లివర్ డాక్టర్ గారిని కలిశాను. ఆయన రాసిచ్చిన పరీక్షల చీటీ రెండు వైపులా నిండిపోయింది. హెపటైటిస్ సి, హెపటైటిస్ డి, హెచ్‌ఐవీ కూడా అందులో ఉన్నాయి. హెచ్‌ఐవీ అని చూడగానే చేతులు చల్లబడ్డాయి. ఆయనే వివరించారు: బి కి వాడే మందులు హెచ్‌ఐవీ మీద కూడా ఎంతోకొంత పనిచేస్తాయి, ఆ సంగతి తెలియకుండా ఒక్క మందే ఇస్తే హెచ్‌ఐవీ వైరస్ ఆ మందుకి లొంగకుండా పోతుంది, కాబట్టి మొదలుపెట్టే ముందు అందరికీ చేస్తారట. మీకు కూడా రాస్తే కంగారు పడకండి.

రిపోర్టులు ఒక్కసారిగా రావు. లివర్ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎస్‌జీపీటీ అదే సాయంత్రం వచ్చింది: 94. ల్యాబ్ పెట్టుకున్న హద్దు 40. వైరస్ జోరుగా పెరుగుతోందని చెప్పే ఇ-యాంటిజెన్ పాజిటివ్. డీఎన్‌ఏ, అంటే అందరూ వైరల్ లోడ్ అనేది, రావడానికి దాదాపు వారం పట్టింది. మిల్లీలీటరుకి 4 కోట్ల 60 లక్షల ఐయూ (వైరస్‌ని కొలిచే యూనిట్). ఆ సున్నాలు లెక్కపెట్టుకుంటూ ల్యాబ్ మెట్ల మీదే కూర్చుండిపోయాను. ఇంకెంతకాలం బతుకుతాను అనే ఆలోచన తప్ప ఇంకోటి రాలేదు. డాక్టర్ గారు మాత్రం ఆ అంకె చూసి కనుబొమ్మ కూడా ఎత్తలేదు. ఇ-యాంటిజెన్ పాజిటివ్ ఉన్నవాళ్ళలో కోట్లలో ఉండడం మామూలేనట. లోడ్ ఎక్కువ ఉన్నంత మాత్రాన లివర్ అంతగా చెడిపోయిందని కాదు, తక్కువ ఉంది కదా అని లివర్ బాగుందనీ కాదు అన్నారు. ఆ రెండో మాట ఎంత నిజమో మా అమ్మ రిపోర్టులు వచ్చాక అర్థమైంది.

మందు వెంటనే ఇవ్వలేదు. ఇది నాకు పెద్ద షాక్. కొత్తగా సోకినప్పుడు కనపడే ఐజీఎమ్ యాంటీబాడీ నెగటివ్ కాబట్టి ఇది పాత ఇన్ఫెక్షనే అనిపిస్తోంది, కానీ దీర్ఘకాలిక హెపటైటిస్ అని అనాలంటే హెచ్‌బీఎస్‌ఏజీ ఆరు నెలలు దాటి పాజిటివ్‌గా ఉండాలి, పైగా ఎస్‌జీపీటీ పెరిగినవాళ్ళలో కొందరికి ఇ-యాంటిజెన్ దానంతట అదే పోతుంది, కొన్నాళ్ళు చూద్దాం అన్నారు. కోట్లలో వైరస్ పెట్టుకుని చేతులు కట్టుకు కూర్చోమంటారేమిటని కోపం వచ్చింది. ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్ళాను, ఆవిడా అదే చెప్పారు. మందు ఒకసారి మొదలుపెడితే ఏళ్ళ తరబడి వాడాలి కాబట్టి ఆ నిర్ణయానికి కొన్ని నెలలు తీసుకోవడం నష్టం కాదని ఆవిడ నెమ్మదిగా చెప్పాక మనసు కుదుటపడింది. ఈ లోపల మద్యం పూర్తిగా మానేయమన్నారు, మానేశాను.

ఇంట్లోవాళ్ళ పరీక్షలు

ఆ ఖాళీలో అందరికీ పరీక్షలు చేయించమన్నారు. నా భార్య, మా అబ్బాయి, అమ్మ, అక్క. నాన్న లేరు. మొత్తం ప్రయాణంలో నాకు అన్నిటికన్నా కష్టంగా గడిచింది ఆ రిపోర్టుల కోసం ఎదురుచూసిన రోజులే. నా రిపోర్టుకి కూడా అంత భయపడలేదు.

మా అబ్బాయికి పసితనంలోనే టీకాలన్నీ పడ్డాయి, వాడికి ఏమీ లేదు. నా భార్యకి వైరస్ లేదు, యాంటీబాడీలూ లేవు. అంటే ఇన్నేళ్ళూ ఆమెకి రక్షణ ఏదీ లేకుండానే గడిచిందన్న మాట. వెంటనే మొదటి డోసు, నెలకి రెండోది, ఆరో నెలలో మూడోది వేయించాం. చివరి డోసు అయ్యాక నెల ఆగి యాంటీ-హెచ్‌బీఎస్ పరీక్ష (టీకా వల్ల వచ్చిన యాంటీబాడీల లెక్క) చేయించండి. టీకా వేయించుకుంటే చాలనుకుంటారు గానీ, భార్యాభర్తల్లో ఒకరికి బి ఉన్నప్పుడు రెండోవారికి టీకా పట్టిందో లేదో కచ్చితంగా చూడాలి. 10 దాటితే రక్షణ వచ్చినట్టు. ఆమెకి వందల్లో వచ్చింది. ఆ కాగితం ఫోటో తీసి ఫోన్‌లో దాచుకున్నాను.

అక్కకి హెచ్‌బీఎస్‌ఏజీ నెగటివ్, కానీ యాంటీ-హెచ్‌బీసీ అనే ఇంకో యాంటీబాడీ పాజిటివ్. అంటే ఎప్పుడో సోకింది, ఒంట్లోని రక్షణ వ్యవస్థే దాన్ని అణిచేసింది. తనకి మందు అక్కర్లేదు. ఒక జాగ్రత్త మాత్రం చెప్పారు: ఎప్పుడైనా కీమోథెరపీ గానీ, ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్లు గానీ, రక్షణ వ్యవస్థని తగ్గించే ఇంజెక్షన్లు గానీ ఇవ్వాల్సి వస్తే ఈ రిపోర్టు ముందే చూపించాలి. అణిగి ఉన్న వైరస్ అప్పుడు లేస్తుందట.

అమ్మకి పాజిటివ్.

అమ్మకి ఇ-యాంటిజెన్ నెగటివ్. డీఎన్‌ఏ 3 లక్షల 10 వేలు. నా కోట్లతో పోలిస్తే ఏపాటిది అనుకున్నాను. ఎస్‌జీపీటీ 51. ఆ అంకెలు చూసి అమ్మది తేలికలే అని ఊపిరి పీల్చుకున్నాం. లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్‌లో 14.6 కిలోపాస్కల్ వచ్చింది. ప్లేట్‌లెట్లు లక్షా ఇరవై వేలు. సిరోసిస్, అంటే లివర్ మచ్చలు కట్టి గట్టిపడడం, మొదలైందన్నారు. ఆరు నెలలు ఆగడాలు లేవు, అదే వారం ఎంటెకావిర్ మొదలుపెట్టారు. ఎండోస్కోపీ చేసి అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళాలేమీ లేవన్నారు, అదొక్కటే ఆ నెలలో మేం విన్న మంచి మాట.

ఆ రాత్రి అమ్మ నన్ను అడిగింది, “నా నుంచే వచ్చిందా నాన్నా నీకు?” అని. ఏం చెప్పాలో తెలియలేదు. మర్నాటి నుంచి తన కంచం, గ్లాసు విడిగా పెట్టుకుని తనే కడుక్కోవడం మొదలుపెట్టింది. మనవణ్ణి దగ్గరికి రానివ్వడం మానేసింది. తర్వాతి అపాయింట్‌మెంట్‌కి తనని కూడా తీసుకెళ్ళి డాక్టర్ గారితోనే చెప్పించాను. కంచాల వల్ల, కలిసి తినడం వల్ల, ముద్దు పెట్టుకోవడం వల్ల ఇది రాదు. రక్తం ద్వారా, శృంగారం ద్వారా, కాన్పులో తల్లి నుంచి బిడ్డకి వస్తుంది. రేజరు, టూత్ బ్రష్, గోళ్ళు తీసుకునే కత్తెర మాత్రం ఎవరివి వాళ్ళు వాడుకుంటే చాలు అని ఆయన ఓపిగ్గా చెప్పారు. ఇంకో మాట కూడా అన్నారు: “అమ్మా, పుట్టినప్పుడు సోకితే పదిమంది పిల్లల్లో తొమ్మిదిమందికి ఉండిపోతుంది. పెద్దయ్యాక సోకితే వందలో తొంభై అయిదుమందికి దానంతటదే పోతుంది. మీ తప్పు ఇందులో ఏముంది? మీకు పరీక్ష చేసినవాళ్ళు ఉన్నారా అప్పట్లో?” అమ్మ ఆయన ముందే ఏడ్చేసింది. ఇంటికొచ్చాక కంచం మళ్ళీ మా కంచాల్లో కలిపింది.

2022లో ప్రపంచంలో 25 కోట్ల మందికి పైగా ఈ దీర్ఘకాలిక బి తో ఉన్నారని, ఆ ఏడాది చివరికి వాళ్ళలో 13 శాతం మందికే తమకి ఉందని తెలుసునని డబ్ల్యూహెచ్‌ఓ లెక్క. నాకు రాళ్ళు రాకపోతే మేమిద్దరం ఆ మిగతా 87 శాతంలోనే ఉండేవాళ్ళం. అమ్మ సంగతి కడుపులో నీరు చేరాక గానీ తెలిసేది కాదు.

మందు ఎంచుకోవడం

సెప్టెంబర్ నాటికి నా హెచ్‌బీఎస్‌ఏజీ అలాగే పాజిటివ్, ఇ-యాంటిజెన్ అలాగే ఉంది, ఎస్‌జీపీటీ 138 కి పెరిగింది. ఫైబ్రోస్కాన్ 8.1. పరీక్షకి కనీసం మూడు గంటల ముందు నుంచి ఏమీ తినకూడదు. తిని వెళ్తే అంకె ఎక్కువగా వస్తుందని వెనక్కి పంపేస్తారు. నొప్పి ఉండదు, పక్కటెముకల మధ్య ఎవరో వేలితో చిన్నగా తట్టినట్టు ఉంటుంది. ఎస్‌జీపీటీ బాగా పెరిగి ఉన్నప్పుడు వాపు వల్ల కూడా ఆ అంకె పెరుగుతుంది కాబట్టి 8.1 ని మచ్చల లెక్కగా పూర్తిగా నమ్మనక్కర్లేదు అన్నారు.

మందుల గురించి చర్చ అరగంట సాగింది. ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్ వారానికొకటి చొప్పున 48 వారాలు, అంతటితో ఆపేయవచ్చు. కానీ జ్వరం, ఒళ్ళునొప్పులు, దిగులు లాంటి ఇబ్బందులు ఎక్కువ, పనిచేసేది కొంతమందికే. సిరోసిస్ బాగా ముదిరినవాళ్ళకి అసలు ఇవ్వకూడదు కూడా. మాత్రలైతే రోజుకొకటి, ఇబ్బందులు తక్కువ, కానీ ఏళ్ళ తరబడి. నేను మాత్రలే అన్నాను. టెనోఫోవిర్‌లో రెండు రకాలున్నాయి: డైసోప్రాక్సిల్ 300 మిల్లీగ్రాములది పాతది, అలాఫెనమైడ్ 25 మిల్లీగ్రాములది కొత్తది, కిడ్నీల మీద, ఎముకల మీద భారం తక్కువ. నాకు అలాఫెనమైడ్ రాశారు, తిన్న తర్వాత వేసుకోవాలి. అమ్మ ఎంటెకావిర్ దీనికి పూర్తిగా వ్యతిరేకం: తిన్న రెండు గంటల తర్వాత వేసుకుని, వేసుకున్నాక ఇంకో రెండు గంటలు ఏమీ ముట్టకూడదు. తను తెల్లవారుజామున లేవగానే వేసుకుని గోడ గడియారం చూస్తూ కూర్చుంటుంది. ఒక్క నిమిషం ముందు కూడా ఏదీ నోట్లో పెట్టదు.

ఈ మాత్రలు వైరస్‌ని చంపవు. ఇది నాకు మింగుడుపడడానికి చాలా కాలం పట్టింది. లివర్ కణం మధ్యలో వైరస్ తన అసలు ప్రతిని దాచుకుంటుంది, దాని నుంచి కాపీలు తీసే యంత్రాన్ని మాత్రమే మందు ఆపుతుంది, బీరువాలోని అసలు కాగితం జోలికి పోదు అని డాక్టర్ గారు చెప్పారు. రక్తంలో డీఎన్‌ఏ పడిపోవడం, ఎస్-యాంటిజెన్ పడిపోకపోవడం ఈ ఒక్క మాటతో అర్థమవుతాయి.

2021 అక్టోబర్‌లో మొదటి మాత్ర వేసుకున్నాను. డబ్బాలో మడిచి పెట్టిన కాగితంలో హెచ్‌ఐవీ అన్న మాట చాలా చోట్ల ఉంటుంది. ఇంటికొచ్చిన బంధువు ఒకాయన అది చదివి ఇంకోలా అనుకునే ప్రమాదం తృటిలో తప్పింది. అప్పటి నుంచి మాత్రలని మామూలు డబ్బాలోకి మార్చి ఉంచుతున్నాను. టెనోఫోవిర్ పేరు నెట్‌లో వెతికినా ముందు హెచ్‌ఐవీయే వస్తుంది, మీ ఇంట్లోవాళ్ళకి ఆ సంగతి ముందే చెప్పి పెట్టండి.

అంకెల నడక

మొదటి రెండు వారాలు కొద్దిగా తలనొప్పి. అంతకు మించి ఏమీ లేదు. నవంబర్ చివర్లో ఎస్‌జీపీటీ చేయిస్తే 212. మందు మొదలుపెట్టే ముందు 138, ఆరు వారాలు మందు వేసుకున్నాక 212! ఆ సాయంత్రం మందు ఆపేద్దామా అనిపించింది. ఆ రాత్రే డాక్టర్ గారికి ఫోన్ చేశాను. “ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపకండి, బిలిరుబిన్, ఐఎన్‌ఆర్ రేపు పొద్దున్నే చేయించి పంపండి” అన్నారు. లివర్ తన పని తాను చేస్తోందో లేదో చెప్పే పరీక్షలవి. రెండూ మామూలుగానే ఉన్నాయి. కొందరికి వైరస్ తగ్గడం మొదలవగానే ఒంట్లోని రక్షణ కణాలు చురుకై, వైరస్ ఉన్న లివర్ కణాల మీద పడతాయట. అప్పుడు ఎస్‌జీపీటీ కొన్నాళ్ళు పెరుగుతుంది. డీఎన్‌ఏ తగ్గుతూ ఎస్‌జీపీటీ పెరిగితే తరచుగా అది మంచికే; డీఎన్‌ఏ పెరుగుతూ ఎస్‌జీపీటీ కూడా పెరిగితే ఆలోచించాలి. ఈ తేడా తెలియక ఈ దశలో మందు ఆపేసి వైరస్ ఒక్కసారిగా లేచి ఆస్పత్రి పాలైనవాళ్ళని చూశానని ఆయన చెప్పారు. నాకు మళ్ళీ 50 లోపుకి రావడానికి వేసవి దాకా పట్టింది.

2022 జనవరిలో, మూడో నెల డీఎన్‌ఏ: 38 వేలు. అంటే 99.9 శాతం పోయింది. ఆ రోజు ఇంట్లో అందరం పండగ చేసుకున్నంత పని చేశాం. ఏప్రిల్‌లో 2,100. ఇలాగే వెళ్తే అక్టోబర్‌కి సున్నా అని నాకు నేనే లెక్క కట్టుకున్నాను. అక్టోబర్‌లో వచ్చింది 190.

అమ్మకి ఆరో నెలకే “నాట్ డిటెక్టెడ్” అని వచ్చేసింది. నాకు ఏడాది దాటినా ఇంకా 190. నాకు మందు పనిచేయట్లేదా, వైరస్ మందుకి అలవాటు పడిందా అని దిగులు పట్టుకుంది. అమ్మ మొహంలో సంతోషం కూడా కనపడనిచ్చేది కాదు, నేను బాధపడతానని. డాక్టర్ గారు పాత కాగితాలన్నీ బల్ల మీద పరిచి చూపించారు. లక్షల్లో మొదలైనవాళ్ళకి త్వరగా, కోట్లలో మొదలైనవాళ్ళకి, ఇ-యాంటిజెన్ ఉన్నవాళ్ళకి ఆలస్యంగా సున్నాకి వస్తుంది. టెనోఫోవిర్ మీద జరిగిన మొదటి పెద్ద పరిశోధనల్లో 48 వారాలకి ఇ-నెగటివ్ వాళ్ళలో 93 శాతం మందికి డీఎన్‌ఏ దాదాపు కనపడకుండా పోతే, ఇ-పాజిటివ్ వాళ్ళలో 76 శాతం మందికే అలా జరిగింది. అంకె దిగుతూ ఉన్నంత కాలం మందు మార్చక్కర్లేదు. అన్నిటికన్నా కిందికి వచ్చిన అంకె నుంచి పది రెట్లు పెరిగితే అప్పుడు ఆలోచిద్దాం, అదీ ముందు మాత్రలు సరిగా వేసుకుంటున్నారా అన్న ప్రశ్నతో అన్నారు. లామివుడిన్ అనే పాత మందు ఒక్కటే ఉన్న రోజుల్లో ఐదేళ్ళకి పదిమందిలో ఏడుగురికి వైరస్ ఎదురు తిరిగేదట. టెనోఫోవిర్‌తో ఆ బెడద దాదాపు లేదు.

2023 ఏప్రిల్‌లో మామూలుగా ఇచ్చే ల్యాబ్‌లో మెషీన్ పనిచేయట్లేదని వేరే చోట రక్తం ఇచ్చాను. రిపోర్టులో 224. కిందటిసారి 190, ఇప్పుడు 224. పెరిగిందనుకుని గుండె జారిపోయింది. రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. తీరా చూస్తే ఆ ల్యాబ్ వాళ్ళు ఐయూలో కాకుండా కాపీల్లో ఇచ్చారు. ఒక ఐయూకి దాదాపు ఐదారు కాపీలు. అంటే నాది 40 ఐయూ, బాగా తగ్గినట్టే. రిపోర్టు చేతికి రాగానే అంకె కన్నా ముందు పక్కనున్న యూనిట్ చూడండి. వీలైనంత వరకు ఒకే ల్యాబ్‌లో చేయించుకోండి.

ఆ అక్టోబర్‌లో “డిటెక్టెడ్, 20 కన్నా తక్కువ” అని వచ్చింది. వైరస్ జాడ ఉంది గానీ మెషీన్ లెక్క కట్టలేనంత తక్కువ. 2024 ఏప్రిల్‌లో మొదటిసారి “టార్గెట్ నాట్ డిటెక్టెడ్”. మొదలుపెట్టిన రెండున్నరేళ్ళకి. ఫైబ్రోస్కాన్ 5.4. ఎస్‌జీపీటీ అంతకు ఏడాది ముందు నుంచే ముప్ఫై లోపు ఉంటోంది.

అదే కాగితం మీద నాలుగు వరుసల కింద, హెచ్‌బీఎస్‌ఏజీ: పాజిటివ్.

తెలిసిన విషయమే. బీరువాలో కాగితం గురించి ఆయన ముందే చెప్పారు. అయినా ఆ రెండు వరుసల్ని పక్కపక్కన చూడగానే నీరసం ముంచుకొచ్చింది. ఈ మందు వాడేవాళ్ళలో ఎస్-యాంటిజెన్ పూర్తిగా పోయేది చాలా కొద్దిమందికే. నా ఎస్-యాంటిజెన్ లెక్క మొదట్లో 32 వేలు, అప్పటికి 6 వేల దగ్గర ఉంది. దిగుతోంది, కానీ డీఎన్‌ఏ పరుగుతో పోలిస్తే ఇది నడక కూడా కాదు. నా భార్య ఆ రాత్రి నాతో అంది: “లివర్ బాగుపడుతోందా లేదా అది చెప్పు, పాజిటివ్ అన్న మాటతో మనకేం పని?” ఆ మాట పట్టుకునే అప్పటి నుంచి రిపోర్టులు చదువుతున్నాను.

ఖర్చు గురించి చెప్పాలంటే, మందుల కన్నా పరీక్షలకే నాకు ఎక్కువైంది. డీఎన్‌ఏ పరీక్షే అన్నిటికన్నా బరువు. మొదటి ఆరు నెలల తర్వాత దాన్ని ఆరు నెలలకొకసారికి తగ్గించారు. కిడ్నీ కోసం క్రియాటినిన్, లివర్ క్యాన్సర్ ముందే కనిపెట్టడానికి ఆరు నెలలకొకసారి అల్ట్రాసౌండ్, ఏఎఫ్‌పీ అనే రక్త పరీక్ష తప్పవు. మందు షాపులో ఒకసారి అలాఫెనమైడ్ 25 లేదని డైసోప్రాక్సిల్ 300 చేతిలో పెట్టి “రెండూ ఒకటే” అన్నారు. రెండూ టెనోఫోవిరే గానీ ఒకటి కాదు, డాక్టర్ గారు చెప్పకుండా మార్చుకోకూడదు. ఆ రోజు నుంచి ఒక నెల మందు ఎప్పుడూ ఎక్కువ ఉండేలా కొని పెడుతున్నాను. ప్రయాణంలో సగం మాత్రలు చేతి సంచిలో, సగం పెట్టెలో.

అమ్మ లివర్

అమ్మ ఫైబ్రోస్కాన్ 2022 వేసవిలో 11.2 కి, 2024లో 9.4 కి దిగింది. ప్లేట్‌లెట్లు లక్షన్నర దాటాయి. సిరోసిస్ వస్తే ఇక వెనక్కి రాదని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగినవాణ్ణి నేను. డాక్టర్ గారు 2013లో వచ్చిన ఒక పరిశోధన గురించి చెప్పారు. ఐదేళ్ళు టెనోఫోవిర్ వాడినవాళ్ళకి మళ్ళీ బయాప్సీ చేసి చూస్తే, మొదట్లో సిరోసిస్ ఉన్న 96 మందిలో 71 మందికి అది లేకుండా పోయింది. వైరస్‌ని అణిచి పెడితే లివర్ తన మచ్చల్ని తనే కరిగించుకోగలదు. అమ్మ అంకె తగ్గడంలో కొంత భాగం వాపు తగ్గడం వల్లే అయి ఉండొచ్చు, అంతా మచ్చలు పోవడమే అనుకోవద్దు, క్యాన్సర్ భయం తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు, స్కాన్లు మానొద్దు అని కూడా అంతే గట్టిగా చెప్పారు. అమ్మకి మందు జీవితాంతం. ఆ మాట విని తను ఏమీ బాధపడలేదు. “వేసుకుంటాను, దానిదేముంది” అంది.

నాకు 2024 అక్టోబర్‌లో ఇ-యాంటిజెన్ నెగటివ్ వచ్చింది. పొరపాటేమోనని ఆరు నెలలు ఎవరికీ చెప్పలేదు. 2025 ఏప్రిల్‌లో మళ్ళీ నెగటివ్, ఈసారి ఇ-యాంటిజెన్‌కి ఎదురుగా ఒంట్లో తయారయ్యే యాంటీబాడీ, యాంటీ-హెచ్‌బీఈ, కూడా పాజిటివ్. ఇది మందు వాడే ఇ-పాజిటివ్ వాళ్ళలో మొదటి ఏడాదిలో ఐదుగురిలో ఒకరికి జరుగుతుంది, తర్వాత ఏటా ఇంకొందరికి. నా వంతు నాలుగో ఏడాదిలో వచ్చింది. చాలా రోజుల తర్వాత మనస్ఫూర్తిగా నవ్వాను, డాక్టర్ గారు లేచి నిలబడి చెయ్యి కలిపారు.

ఇప్పుడు మందు ఆపవచ్చా అని అడిగాను. ఇది వచ్చాక కనీసం ఇంకో ఏడాది వాడాలి, ఆ తర్వాత సిరోసిస్ లేనివాళ్ళకి ఆపే ఆలోచన చేయవచ్చు, కానీ ఆపినవాళ్ళలో చాలామందికి డీఎన్‌ఏ మళ్ళీ లేస్తుంది, కొందరికి లివర్ దెబ్బతినేంతగా లేస్తుంది అన్నారు. ఎస్-యాంటిజెన్ 100 లోపుకి దిగితే ఆపాక తిరగబెట్టే అవకాశం తక్కువ. నాది ఇప్పుడు 4,100. వేసుకుంటూనే ఉంటానని చెప్పాను. ఆపిన తర్వాత మొదటి నెలల్లో నెలకోసారి పరీక్షలు, ఆ టెన్షన్, ఆ ఎదురుచూపులు మళ్ళీ తెచ్చుకోవడం కన్నా రోజుకొక మాత్ర నాకు తేలిక. ఇది నా లెక్క మాత్రమే. మీ వయసు, మీ లివర్, మీ ఇంటి పరిస్థితి బట్టి మీ డాక్టర్ ఇంకోలా చెప్పొచ్చు.

మా ఇద్దరి తర్వాతి పరీక్షలు అక్టోబర్‌లో, ఒకే రోజు పెట్టించుకున్నాం. అమ్మకి స్కాన్, ఏఎఫ్‌పీ, డీఎన్‌ఏ. నాకు వాటితో పాటు క్రియాటినిన్, ఎస్-యాంటిజెన్ లెక్క. స్కాన్ కోసం ఇద్దరం పరగడుపునే వెళ్ళాలి. అమ్మ మాత్రకి అది బాగానే కుదురుతుంది, నాది స్కాన్ అయ్యి ఏదైనా తిన్నాకే.